మాన్యం ఊరిదైతే లెక్క ఊరికి చెప్పాలి

మా ఊరి శివాలయానికి పదకొండు ఎకరాల మాగాణి ఉంది. పెన్నా కాలువ కింద, రెండు కార్లు పండే భూమి. ఆ గుళ్లో దీపం వెలిగేది మాత్రం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ధూపదీప నైవేద్యం డబ్బులతో. ఆ పథకం వద్దని నేను అనడం లేదు. అది లేకపోతే మా పూజారి గారు ఎప్పుడో గుడికి తాళం వేసి నెల్లూరులో ఏదో ఒక షాపులో పనికి కుదిరేవారు. నా బాధంతా కౌలు గురించి. అదే కాలువ కింద, గట్టు పక్క పొలానికి రైతు పుట్ల లెక్కన కౌలు కొలుస్తున్నాడు. మన పుట్టి అంటే 850 కిలోలు. గుడి పొలానికి వస్తున్నది అందులో నాలుగో వంతు కూడా లేదు. మిగతాది ఎవరి ఇంటికి పోతోందో ఊళ్లో అందరికీ తెలుసు. ఏ రికార్డులోనూ ఉండదు.

ఈ భూములు ఏ ప్రభుత్వమూ కొని ఇచ్చినవి కావు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఇప్పటి ప్రకాశం జిల్లా ఊళ్లు కూడా అందులో చాలా ఉన్నాయి. తిరగేస్తే మళ్లీ మళ్లీ కనబడేది ఒకటే: ఫలానా దేవరకు అఖండ దీపానికి ఇంత, నైవేద్యానికి ఇంత, చెరువు వెనక ఇంత భూమి అని. చివర శాపం. ఈ ధర్మానికి ఎవరు తప్పినా గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారని రాతి మీద చెక్కించారు. తమ తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకు బాగా తెలుసు.

గుళ్లకే కాదు, చెరువులకూ మాన్యాలు ఉండేవి. దశబంధం అనేవారు. చెరువు తవ్వించినవాళ్లకు, ఏటా కట్ట, తూము, కలుజు (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) బాగు చేయించేవాళ్లకు ఆ చెరువు కిందే కొంత భూమి ఇచ్చేవారు. పని చేస్తేనే పంట. ఈ రోజు ఎన్ని ఊళ్లలో ఆ భూమి ఎవరి పేరున ఉంది, ఆ కట్ట మీద తుమ్మచెట్లు ఎవరు కొట్టాలి అని అడిగి చూడండి. భూమి ఒకరికి పోయింది, పని ఎవరిదీ కాకుండా పోయింది.

రికార్డు లేదా అంటే, ఉంది. ఇనాం అన్నా మాన్యమే. 1858లో వేసిన ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ విచారించి రిజిస్టర్లు రాయించింది. ఎంత విస్తీర్ణం, ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు, అన్నీ గడులు గీసి మరీ రాశారు. కోర్టులో గొడవ వస్తే ఈ రోజుకూ ముందు అడిగేది ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరే. తర్వాత 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది. పట్టాలు కొన్ని గుడి పేరున, కొన్ని సేవ చేసేవాళ్ల పేరున, కొన్ని సాగులో ఉన్నవాళ్ల పేరున అయ్యాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఏ గట్టు ఏ మాన్యానిదో నోటికి చెప్పగలిగినవాళ్లు ఆ తర్వాత మిగల్లేదు.

1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తల హక్కును తీసేసింది. తీసేయాల్సిందే. తరాల తరబడి గుడి పొలం తమ సొంత పొలమే అనుకున్న కుటుంబాలు ప్రతి తాలూకాలోనూ ఉండేవి. కానీ ఆ కుటుంబం చేతిలోంచి తీసుకున్న అధికారం ఊరి చేతికి రాలేదు, ఆఫీసుకు పోయింది. ఒక్క ఈవో (దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారి) గారి కింద పదుల సంఖ్యలో గుళ్లు. ఏ మడికి ఏ కాలువ పారుతుందో ఆయనకెలా తెలుస్తుంది? తెలిసినవాళ్లను అడిగే పద్ధతే పెట్టలేదు కదా!

పోయినసారి కౌలు వేలం నా కళ్లతో చూశాను. నోటీసు ముందు రోజు సాయంత్రం అంటించారు. గుడి అరుగు మీద నలుగురు కూర్చున్నారు. పాట పాడింది ఇద్దరు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. ఎన్నో ఏళ్లుగా ఆ మడుల్లోనే కూలికి పోయే ఒక పెద్దాయన తువ్వాలులో డబ్బు మూటగట్టుకుని వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే, "నీకెందుకులే బాబాయ్, నువ్వు కట్టలేవు" అన్నారు. ఆయన ఏమీ అనలేదు, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఎడగారు (రెండో కారు) మొదలయ్యేసరికి అదే పొలాన్ని పాట పాడినవాళ్ల దగ్గర, పాట మీద మూడింతలకు కౌలుకు తీసుకుని దున్నుతున్నాడు. ఆ మూడింతలూ గుడికి రావాల్సిన డబ్బు. ఇవ్వడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు.

చట్టం ఆయన వైపే ఉంది. సొంతమూ కౌలూ కలిపి 2.5 ఎకరాల మాగాణి లేదా 5 ఎకరాల మెట్ట దాటని పేద రైతును ఆ దేవాదాయ చట్టం 82వ సెక్షన్ ప్రత్యేకంగా గుర్తించింది. గుడి ఆస్తులన్నీ ఎక్కించిన రిజిస్టరు ఉండాలని 43వ సెక్షన్ చెబుతోంది. ఆ రిజిస్టరును మా ఊళ్లో చూసినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి.

నేను అడిగేది పెద్ద విప్లవం కాదు. ఆ రిజిస్టరును ఏటా గ్రామసభలో సర్వే నంబరుతో సహా చదివి వినిపించాలి. వేలం తేదీని రెండు వారాల ముందు దండోరా వేయించాలి. పాట ఎంతకు పోయిందో, డబ్బు కట్టారో లేదో, గ్రామ సచివాలయం గోడ మీద రాయాలి. పాడినవాడే సాగు చేయాలి, మారు కౌలుకు ఇస్తే పాట రద్దు. వచ్చిన కౌలులో ముందు దీపానికి, పూజారి జీతానికి, ఆ తర్వాతే మిగతా ఖర్చులకు. చెరువు మాన్యం ఉన్నచోట ఆ ఆదాయం కట్టకే పోవాలి. దర్గాలకు, మసీదులకు ఇచ్చిన మాన్యాల విషయంలోనూ నా మాట ఇదే.

"ఊరి చేతికిస్తే ఊరి పెద్దలు తింటారు" అని మా బావ అంటాడు. ఆ భయం నిజమే, కాదనను. అందుకే భూమి ఊరి పేరున రాయమని అడగడం లేదు. భూమి దేవుడి పేరునే ఉండాలి, అమ్మే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఊరికి కావాల్సింది లెక్క అడిగే హక్కు. ఉపాధి హామీలో సోషల్ ఆడిట్ మన రాష్ట్రంలోనే 2006 నుంచి చేసి చూపించారు. మస్టరు పేర్లు ఊరి మధ్యలో చదివితే దొంగ పేర్లు ఎలా బయటపడ్డాయో అందరం చూశాం. గుడి పొలానికి అదెందుకు కుదరదు?

ఇంకో బాధ ఉంది. లెక్క సరిగ్గా లేకపోవడం వల్ల, సర్వే నంబరులో రెండెకరాలే గుడిదైతే మొత్తం నంబరును 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) పెట్టేస్తున్నారు. కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకుందామనుకున్న చిన్న రైతు రిజిస్ట్రేషన్ కాక ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. రోడ్డు పక్క మాన్యంలో షెడ్లు వేసినవాడికి మాత్రం ఏ టెన్షనూ లేదు. హద్దులు కొలిచి రాళ్లు పాతితే ఈ ఇద్దరి సంగతీ ఒకేసారి తేలుతుంది.

వచ్చే వేలం లోపు మా గుడి 43 రిజిస్టరు నకలు, గత పదేళ్ల పాటల వివరాలు సమాచార హక్కు కింద అడుగుతున్నాను. మీ ఊళ్లోనూ అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దరఖాస్తు నమూనా కావాల్సినవాళ్లకు పంపిస్తాను.