కరోల్ కింగ్: డెమోల్లో దాగిన గొంతు

నాలుగేళ్ల పిల్ల. స్టూలు మీద టెలిఫోన్ డైరెక్టరీ వేసి కూర్చోబెడితే గానీ పియానో మెట్లు చేతికి అందేవి కావు. పక్కన అమ్మ కూర్చుని స్వరాలు నేర్పేది. ఎవరైనా ఒక మెట్టు నొక్కితే, చూడకుండానే అది ఏ స్వరమో ఆ పిల్ల చెప్పేసేది. అగ్నిమాపక దళంలో పనిచేసే తండ్రి ఇంటికి వచ్చిన స్నేహితుల ముందు ఆ విద్యను ప్రదర్శింపజేసి మురిసిపోయేవాడు. 1942లో న్యూయార్క్‌లో పుట్టి, బ్రూక్లిన్‌లో పెరిగిన ఆ కరోల్ క్లైనే తర్వాత అమెరికన్ గాయని, పాటల రచయిత కరోల్ కింగ్ అయింది. ఆమె గురించి రాసేవాళ్లలో చాలామంది ఇక్కడే మొదలుపెట్టి (నేనూ అదే చేశాను), ఒక్క గెంతులో ఆమెను శిఖరానికి చేర్చిన 1971 నాటి ‘టాపెస్ట్రీ’ ఆల్బమ్ దగ్గర వాలుతారు. పుట్టుకతో వచ్చిన విద్యే ఆమెను అక్కడిదాకా నడిపించిందన్న భావన కలుగుతుంది. ఆ గెంతులో జారిపోయిన ఏళ్లలోనే అసలు విషయమంతా ఉందని నా అభిప్రాయం.

క్వీన్స్ కాలేజీలో పరిచయమైన జెర్రీ గోఫిన్‌ను 1959లో పెళ్లాడేనాటికి ఆమెకు పదిహేడేళ్లు. చదువు ఆగింది. పగలు ఇద్దరికీ ఉద్యోగాలు, సాయంత్రాలు పాటల పని. మాటలు అతనివి, బాణీ ఆమెది. ఆ తరం పాటల ఫ్యాక్టరీ అనగానే అందరూ న్యూయార్క్‌లోని బ్రిల్ బిల్డింగ్ పేరే చెబుతారు గానీ, వీళ్లు పనిచేసిన ఆల్డన్ మ్యూజిక్ అనే పాటల ప్రచురణ సంస్థ ఉన్నది దానికి కాస్త అవతల, బ్రాడ్‌వేలోని 1650 నంబరు భవనంలో. ఒక పియానో, ఒక బల్ల పట్టేంత ఇరుకు గదులు; పక్క గదిలో పోటీ జంట కడుతున్న బాణీ గోడ దాటి వినిపించేది. ఆ వాతావరణంలోంచి వచ్చిన ‘విల్ యూ లవ్ మీ టుమారో’ను షిరెల్స్ బృందం పాడగా, 1961 జనవరిలో అది అమెరికా పాటల చార్టులో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి అమ్మాయిల బృందం పాట ఆ స్థానానికి చేరడం అదే మొదలు. ఆ తర్వాత వీళ్ల పాటలు వరుసగా హిట్టయ్యాయి. ఇంట్లో పిల్లను చూసుకునే అమ్మాయి చేత పాడించిన ‘ది లోకో-మోషన్’ కూడా 1962లో మొదటి స్థానం అందుకుంది.

ఆ రోజుల్లో పాట అమ్ముడుపోవాలంటే ముందు దాని డెమో, అంటే నమూనా రికార్డింగు, వినిపించాలి. ఆ డెమోల్లో పియానో వాయించినదీ, పాడినదీ తరచూ కరోలే. మన సినిమా పాటల్లో ట్రాక్ పాడేవారి పరిస్థితి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: పాట ఎలా నడవాలో ఆ గొంతే చూపిస్తుంది, రికార్డు మీద మాత్రం మరొకరి పేరు పడుతుంది. 1962లో గాయకుడు బాబీ వీ కోసం చేసిన ఒక డెమో ఆమె పేరుతోనే విడుదలై బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లినా, గాయనిగా ఆమె దారి అక్కడే ఆగిపోయింది. దీన్ని కేవలం అన్యాయం అనలేం. ఆమెకు వేదిక ఎక్కడమంటే భయం. అప్పటి మార్కెట్ కోరిన మెరుపు గొంతు కూడా ఆమెది కాదు. అయితే ఎవరి గొంతుకు ఏ పలుకు నప్పుతుందో, శ్రోత ఏ మలుపులో కరుగుతాడో పదేళ్లపాటు రోజూ తేల్చుకునే అవకాశం ఏ సంగీత పాఠశాల ఇవ్వగలదు?

1968లో గోఫిన్‌తో విడిపోయి, ఇద్దరు కూతుళ్లతో ఆమె లాస్ ఏంజెలెస్ చేరింది. ‘ది సిటీ’ అనే బృందం కట్టి చేసిన ఆల్బమ్ అమ్ముడుపోలేదు. గాయకుడు జేమ్స్ టేలర్‌కు పియానో వాయిస్తున్న రోజుల్లో, ఆమె చదువు మానేసిన క్వీన్స్ కాలేజీలోనే కచేరీ ఉండగా, ‘అప్ ఆన్ ది రూఫ్’ నువ్వే పాడాలని అతను పట్టుబట్టాడు. రాసినవాళ్లే పాడితే జనం వింటారన్న ధైర్యం ఆమెకు అలా వచ్చింది. అయినా 1970లో వచ్చిన సోలో ఆల్బమ్ ‘రైటర్’ అమెరికా చార్టులో 84వ స్థానం దాటలేదు.

మరుసటి ఏడాది ఏం మారింది? నిర్మాత లూ ఆడ్లర్‌కు ఆల్డన్ రోజుల నుంచి ఆమె డెమోలు తెలుసు, వాటిపై మోజు కూడా. ఆమె పియానో ముందు కూర్చుని మనకోసమే పాడుతున్నట్టుండాలన్నది అతని పట్టు. అంటే ఇంతకాలం పక్కన పెట్టిన ట్రాకునే అసలు రికార్డు చేయడమన్నమాట. రెండో మార్పు మాటల్లో వచ్చింది. ‘టాపెస్ట్రీ’లోని 12 పాటల్లో 7 పాటలకు సాహిత్యం కూడా ఆమెదే. బాల్యంలోనే సంగీతం పట్టుబడిన మనిషికి సొంత మాట పూర్తిగా చేతికొచ్చేసరికి ఇరవై ఎనిమిదేళ్లు నిండాయి. తెలుగులో వాగ్గేయకారుడు అనే మాటలో వాక్కు ముందు, గేయం తర్వాత. ఈమె విషయంలో ఆ వరుస తిరగబడింది.

ఆ ఆల్బమ్‌లో నేను మళ్లీ మళ్లీ వినేది పాత ‘విల్ యూ లవ్ మీ టుమారో’నే. షిరెల్స్ రికార్డులో వయొలిన్ల హడావుడితో పరిగెత్తిన పాట ఇక్కడ సగం ప్రాణంతో నడిచినట్టు నెమ్మదిస్తుంది. వెనక టేలర్, గాయని జోనీ మిచెల్ గొంతులు సన్నగా వినిపిస్తాయి. రేపు కూడా ప్రేమిస్తావా అని అప్పుడు అడిగింది జవాబు తెలియని ఆడపిల్ల. ఇప్పుడు అడుగుతున్నది ఆ జవాబు విన్న మనిషి. ఒక్క మాటా మారలేదు.

ఆ ఆల్బమ్ 15 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1972లో దానికి నాలుగు గ్రామీలు దక్కాయి. వాటిలో ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం ఒక మహిళకు రావడం అదే ప్రథమం. సంగీతకారులను గౌరవించే అమెరికా సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను గోఫిన్‌తో కలిపి పాటల రచయితగా 1990లో చేర్చుకుంది. గాయనిగా చేర్చుకున్నది మాత్రం 2021లో.