ఫారం టెస్టింగంటే సబ్మిట్ నొక్కి చూడటమేనా?

"ఫారం టెస్ట్ చేయాలంటే బ్రౌజర్ తెరిచి, నింపి, సబ్మిట్ నొక్కి చూడాలి. సర్వర్ వైపు యూనిట్ టెస్టులు (కోడ్‌ని పరీక్షించే చిన్న చిన్న ప్రోగ్రాములు) దండగ. తప్పులన్నీ బ్రౌజరే ఆపేస్తుంది, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (వేరే సైటు మన పేరున ఫారం పంపకుండా ఆపే రహస్య గుర్తు) ఉంటే టెస్ట్ అసలు నడవదు, నడిచినా 200 (పేజీ సరిగ్గా వచ్చిందని సర్వర్ ఇచ్చే కోడ్) వచ్చిందా లేదా అన్నదే చెబుతుంది." ఈ మెసేజ్ ఎవరు మొదలుపెట్టారో గానీ నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. కావలిలో కూర్చుని జాంగోలో (పైతాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) రొయ్య పిల్లల బుకింగ్ ఫారాలు రాసే వాణ్ణి, చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

బ్రౌజరే ఆపేస్తుందంట. ఆపుతుంది, రిక్వెస్ట్ మీ పేజీలోంచి వస్తే! సర్వర్‌కి వచ్చేదంతా ఆ పేజీలోంచే రావాలని రూలేం లేదు. మా ఏజెంట్ల మొబైల్ యాప్ అదే అడ్రస్‌కి నేరుగా పంపుతుంది. నిరుడు నేను ఫోన్ నంబరుకి రెండు వైపులా ఒకటే ప్యాటర్న్ పెట్టాను, బ్యాక్‌స్లాష్ డి (ఒక అంకె అని గుర్తు) పది సార్లు అని, ఇంకేం ఇబ్బంది లేదులే అనుకున్నాను. బ్రౌజర్‌లో దానికి 0 నుంచి 9 అనే అర్థం. పైతాన్ 3లో మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) మీద అదే ప్యాటర్న్ తెలుగు అంకెల్ని కూడా ఒప్పుకుంటుంది. అల్లూరు వైపు రైతు ఒకాయన నంబరు ౯౮ అని మొదలై యాప్‌లోంచి తిన్నగా డేటాబేస్‌లోకి పోయి కూర్చుంది, ఎస్సెమ్మెస్ సర్వీసేమో దాన్ని తిప్పికొట్టింది. బండి బయల్దేరిందన్న కబురు ఆయనకి చేరలేదు, తెల్లారేసరికి రొయ్య పిల్ల వచ్చి గట్టు మీద ఉంది, గుంటలో ఇంకా నీళ్లు సిద్ధం కాలేదు. ఆయన నన్ను అన్న మాటలు ఇక్కడ రాయలేను. పేజీలో ఎన్నిసార్లు నొక్కి చూసినా ఈ తప్పు నాకు దొరికేది కాదు, బ్రౌజర్ దాన్ని సర్వర్ దాకా పోనిస్తే కదా. ఇప్పుడు దానికి మూడు లైన్ల టెస్ట్ ఉంది: తెలుగు అంకెలతో పోస్ట్ చేయి (ఫారం డేటా సర్వర్‌కి పంపు), ఎర్రర్ రావాలి, బుకింగ్ పడకూడదు.

సీఎస్‌ఆర్‌ఎఫ్ గొడవైతే లేనే లేదు. జాంగో టెస్ట్ క్లయింట్ (టెస్టులో బ్రౌజర్‌కి బదులు రిక్వెస్టులు పంపేది) ఆ టోకెన్ తనిఖీని మామూలుగానే పక్కన పెట్టేస్తుంది. తనిఖీనే పరీక్షించాలనుకుంటే క్లయింట్‌ని తయారు చేసేటప్పుడు ఎన్‌ఫోర్స్ సీఎస్‌ఆర్‌ఎఫ్ చెక్స్ ట్రూ అని ఇచ్చి, టోకెన్ లేకుండా పంపి 403 (అనుమతి లేదన్న కోడ్) వస్తుందా చూడండి.

ఇక 200 సంగతి. అది మాత్రమే చూసి ఊరుకునే టెస్ట్ దండగే, ఒప్పుకుంటా, కానీ ఆ తప్పు రాసినవాడిది. జాంగోలో మామూలుగా రాసే వ్యూలో (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్) సరైన ఫారం పోస్ట్ చేస్తే 302తో వేరే పేజీకి పంపుతుంది, తప్పుల ఫారమైతే అదే పేజీని ఎర్రర్లతో మళ్లీ చూపించి 200 ఇస్తుంది. అంటే 200 చూసి పాసనుకున్నవాడు ఫెయిలైన ఫారానికి చప్పట్లు కొట్టినట్టు. స్టేటస్‌తో పాటు డేటాబేస్‌లో వరుస పడిందా, ఎన్ని పడ్డాయి అని చూడాలి. గుంటల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం, జనం బటన్ రెండుసార్లు నొక్కుతారు. అందుకని ఒకే బుకింగ్‌ని రెండుసార్లు పోస్ట్ చేసి లెక్క ఒకటే ఉందా అని చూసే టెస్టు కూడా పెట్టుకున్నా. "5,00,000" అని కామాలతో పంపితే ఏమవుతుందో కూడా అక్కడే తేలింది. పూర్ణాంకాల ఫీల్డు దాన్ని తీసుకోదు, లక్షల్లో ఆర్డరిచ్చే రైతు కామా పెట్టక మానడు.

ఆ మెసేజ్‌లో లేని ఒక మాట నేనే చెబుతా, అది వాళ్ల వైపు న్యాయం. టెస్టులో మనం పంపేది మనం రాసుకున్న డేటా, బ్రౌజర్ పంపేది కాదు. టిక్ పెట్టని చెక్‌బాక్స్‌ని బ్రౌజర్ అసలు పంపనే పంపదు, మనవాళ్లు టెస్టులో ఫాల్స్ అని పంపుతారు, అది సర్వర్‌కి ఒక పదంగా చేరుతుంది, జాంగో ఫారం వాడకుండా రిక్వెస్ట్‌లోంచి నేరుగా తీసి ఇఫ్ షరతులో పెడితే టిక్ పెట్టినట్టే లెక్క. టెంప్లేట్‌లో (పేజీ రూపం రాసే ఫైలు) ఫీల్డ్ పేరు తప్పు కొట్టినా టెస్టుకి తెలియదు. అందుకే బ్రౌజర్ నడిపే టెస్ట్ ఒకటి నేనూ పెట్టుకున్నాను, బుక్ బటన్ కోసం. మిగతావన్నీ సర్వర్ వైపువే.