ఇంటర్నెట్ అయిపోయిందట!

మొన్న ఆదివారం మా మావయ్య ఇంటికి వెళ్ళాను. పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో ఏదో చదువుతున్నాడు. నేను చెప్పులు విప్పి, అత్తయ్యను పలకరించి, కుర్చీ లాక్కునేలోగా ఫోనును బల్ల మీద బోర్లించి లేచాడు.

"ఏం మావయ్యా, సిగ్నల్ పోయిందా?"

"లేదురా, అయిపోయింది."

"చార్జింగా?"

"కాదురా, చదవవలసినవి."

ఫోను తీసి చూశాను. తెల్లటి తెర, మధ్యలో ఒక్క ముక్క: కొత్తవి ఏమీ లేవు. "ఇవి కూడా చూడండి" లేదు. ఫలానా హీరోయిన్ పదేళ్ళ క్రితం ఎలా ఉండేదో చూస్తే నమ్మలేరన్న హెచ్చరిక లేదు. వేలితో పైకి తోశాను, కదల్లేదు. నిజం చెబుతున్నాను, ఒళ్ళు జలదరించింది. ఈ బావికి అడుగు ఉందని, అది కాలికి తగులుతుందని నాకు ఆ రోజే తెలిసింది. మావయ్య ఈలోగా పెరట్లో కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆయన ఫీడ్ రీడర్ వాడుతున్నాడు. ఫీడ్ అంటే, ఒక సైటు తన కొత్త రాతల జాబితా పెట్టే ఫైలు. తనకు నచ్చిన సైట్ల ఫీడ్ చిరునామాలు ఆ రీడర్‌లో చేర్చుకున్నాడు. ఆ రీడర్ కొంతసేపటికి ఒకసారి ఒక్కో సైటు గుమ్మం దగ్గరికి వెళ్ళి, కొత్తగా ఏమైనా రాశారా అని అడుగుతుంది. రాస్తే తెస్తుంది. రాయకపోతే అవతలి సర్వరు 304 అనే అంకె చెప్పి పంపుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మార్పు లేదని దాని అర్థం. ఈ రోజు మా దగ్గర కొత్త సరుకు లేదని ఒక సైటు తన నోటితో తానే ఒప్పుకోవడం! ఏ వ్యాపార సంప్రదాయంలో ఉందండీ ఇది? మా వీధి కూరగాయల బండాయన నిన్నటి వంకాయల మీద నీళ్ళు చల్లి "ఇప్పుడే తోట నుంచి వచ్చాయమ్మా" అంటాడు. ఆయన పాటి లౌక్యం కూడా లేదు వీటికి.

ఈ అపచారం ఇవాళ్టిది కాదు. ఈ ఫీడ్ పద్ధతి 1999 మార్చిలో, బ్రౌజరు తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. పుట్టించిన వారిలో మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహ ఉన్నారని చెప్పడానికి విచారిస్తున్నాను. పుట్టిన దగ్గరి నుంచి పేరు మీదే తగాదా. దానికి పెట్టిన ఆర్ఎస్ఎస్ అనే మూడక్షరాలకు మూడు వర్గాలు మూడు అర్థాలు చెప్పాయి. ఆ గొడవ పడలేక విడిపోయినవారు ఆటమ్ అనే ఇంకో ఫీడ్ పద్ధతితో వేరు కాపురం పెట్టి, 2005లో దానికి ప్రమాణపత్రం కూడా రాయించుకున్నారు. మన దేశంలోనైతే నాలుగో అర్థమూ ఉంది. మావయ్య ఒక పెళ్ళిలో "నేను చాలా ఏళ్ళుగా ఏది చదివినా ఆర్ఎస్ఎస్ ద్వారానే" అన్నాడట. బంతిలో సగంమంది కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు, సగంమంది దూరంగా జరుపుకున్నారు.

బాధ్యత తెలిసిన సంస్థలు లేకపోలేదు. వాడేవారు తగ్గారంటూ గూగుల్ తన రీడర్‌ను 2013 జూలై 1న మూసేసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2018 డిసెంబరులో తన 64వ వెర్షన్ నుంచి ఫీడ్లు చూపే సదుపాయాన్నే పీకేసింది. మన తెలుగులో కూడలి, జల్లెడ, హారం అనే సైట్లు బ్లాగుల ఫీడ్లను ఒకచోట పోగుచేసి, ఎవరు ఎప్పుడు రాశారో ఆ వరసలోనే చూపించిన కాలం ఒకటి ఉండేది. వరస! కలెక్టరుకూ బంట్రోతుకూ ఒకే బంతిలో విస్తరి వేయడం లాంటిదది.

అదే నా ఫోనులోని యాప్‌ను చూడండి. దానికి వరసా వావీ లేవు, మమకారమే ఉంది. కిందటేడు తుఫాను తీరం దాటిన నాలుగో రోజున, నేను మేడ మీద బట్టలు ఆరేస్తుండగా, "తుఫాను వస్తోంది, జాగ్రత్త" అని చూపించింది. వార్త పాతదే కావచ్చు. భయం మాత్రం తాజాగా అందించింది.

మావయ్య ఫీడ్‌కు ఇలాంటి ఆప్యాయత ఎక్కడిది? అగ్గిపెట్టె కొన్నా ఫోను నంబరు అడిగే రోజుల్లో అది పేరు అడగదు, ఓటీపీ పంపదు. ఒక సైటు విసుగొచ్చి జాబితాలోంచి తీసేస్తే, ఎందుకు వెళ్ళిపోతున్నారని కన్నీళ్ళు పెట్టుకోదు. రీడరే నచ్చకపోతే జాబితా మొత్తాన్ని ఒక్క ఫైలుగా మూటగట్టుకుని ఇంకో రీడర్‌లోకి మారిపోవచ్చట. పాడ్‌కాస్టులూ చాలావరకు ఈ ఫీడ్ల మీదే నడుస్తాయని విన్నాక, ఇక దేశంలో ఎవరిని నమ్మాలో అర్థం కాలేదు.

చూస్తూ ఊరుకోలేక, మావయ్య పెరట్లో ఉండగానే ఆయన ఫోనులో నేను వాడే యాప్ వేసి, నోటిఫికేషన్లన్నీ ఆన్ చేసి వచ్చాను. మేనల్లుడిగా నా ధర్మం.

నాలుగో రోజు రాత్రి పదకొండున్నరకు ఫోను మోగింది.

"ఒరేయ్, పడుకున్నావా? ఆ హీరోయిన్ పదేళ్ళ క్రితం నిజంగానే అలా ఉండేదంటావా?"

వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపిస్తోంది. కరివేపాకు చెట్టు ఆకులు రాలుస్తోందట.