ట్యాంకు మీద చెవి

మొన్నటి అమావాస్య సంగతి. మోచేతుల మీద కంకర గుచ్చుకున్న మచ్చలు ఇంకా మానలేదు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాతయితే మా బామ్మర్ది తన పద్ధతిలో చెప్పుకుంటాడు.

మా కారులో పెట్రోలు ముల్లు రెండు నెలల నుంచి సగం మీదే ఉంటోంది. ట్యాంకు నిండా పోయించినా సగమే, మిర్యాలగూడ పోయొచ్చినా సగమే. నల్గొండలో ఒక మెకానిక్‌కు చూపిస్తే వెనక సీటు వైపు చూడనైనా చూడకుండా "మీటర్ బోర్డు పోయింది సార్" అన్నాడు. పాత బోర్డు ఒకటి వెతికి తెచ్చి బిగించి, కూలీతో కలిపి 3,200 తీసుకున్నాడు. అది కూడా సగమే చూపించింది. "అంటే సగమే ఉన్నట్టు సార్" అన్నాడు. నేను నమ్మాను. చదువుకున్నవాణ్ణి, నమ్మాను.

అయినా కొంత జాగ్రత్త పడ్డాను. మాది 35 లీటర్ల ట్యాంకు, లీటరుకు 16 దాకా ఇస్తుంది. నిండా పోయించి ట్రిప్ మీటరు సున్నా చేసి, 400 దాటగానే మళ్లీ పోయించుకుంటే ముల్లుతో పనే లేదు. ఈ లెక్క బాగానే నడిచింది, మా బామ్మర్ది గడియారం టైము సరిచేస్తానని ఏదో మీట నొక్కి మధ్యలో దాన్ని సున్నా చేసేదాకా. చేసినట్టు చెప్పలేదు కూడా. ఆ మీటర్లలో ఇక నిజం చెప్పేది పెట్రోలు బొమ్మ పక్కనున్న చిన్న బాణం ఒక్కటే. మూత ఎటువైపు ఉందో అది చెబుతుంది, లోపల ఏముందో దానికీ తెలియదు.

చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికి బయల్దేరాం. అమావాస్య కదా, దారి నిండా ఆటోలు, ట్రాక్టర్లు, నడిచిపోయేవాళ్లు. గుట్ట కనబడుతోంది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు సగం.

"సగం ఉంది కదా, ఇంకేదో అయ్యుంటది" అన్నాడు బామ్మర్ది. నాకూ అదే అనిపించింది, అదే నా బాధ. అబద్ధమని తెలిసిన ముల్లును కూడా కళ్లు నమ్ముతూనే ఉంటాయి.

నిర్ధారణ చేసుకుందామని కారు కిందికి దూరాను. పుచ్చకాయ పండిందో లేదో కొట్టి చూసినట్టు ట్యాంకును వేలితో కొట్టాను. ఏమీ తెలియలేదు. ట్యాంకుకు చెవి ఆనించి, "బండిని ఊపురా, పెట్రోలు ఉంటే గలగలమంటది" అన్నాను. వాడు వెనక డిక్కీ పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. వాడికి చెప్పిన పని చేయడమే తెలుసు, ఎప్పుడు ఆపాలో తెలియదు.

ఇక్కడ ఒక్క విషయం నేను మరిచిపోయాను. వెనక సీట్లో అత్తమ్మ ఉంది. ఉదయమే తలస్నానం చేసి, జుట్టు ఆరాలని విరబోసుకుని కూర్చుంది. నుదుటి మీద రూపాయంత బొట్టు. ఒళ్లో కొబ్బరికాయ. కారు ఊగుతుంటే ఆమె ఇటు ఊగుతోంది, అటు ఊగుతోంది, జుట్టు ముఖం మీద పడుతోంది, పైకి పోతోంది. కింద నుంచి నా రెండు కాళ్లు బయటికి ఉన్నాయి.

ఆటో ఒకటి ఆగిన చప్పుడయింది. "అమ్మో, శివసత్తికి పూనకమొచ్చింది! ఆ కాళ్లెవరివో చూడు, కింద పడి మొక్కుతున్నడు" అని ఎవరో ఆడమనిషి గొంతు. చెప్పుల్లేని పాదాలు ఆరో ఏడో కారు చుట్టూ చేరాయి. నాకు కనబడేవి పాదాలే. ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి నా చెవి దగ్గర ఆగింది.

"తల్లీ, మా పిల్లకు పెండ్లెప్పుడైతదో చెప్పు తల్లీ!"

"ఆపురా!" అని అరిచింది అత్తమ్మ, కొడుకు మీద.

"ఆపమంటుంది. ఆ నకిరేకల్ సంబంధం వద్దంటుందే!"

"అయ్యేది లేదు పొయ్యేది లేదు, పెట్రోలే లేదు!"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక ముసలామె మెల్లగా, "పిలగానికి పెట్రోలు బంకు లేదు కదా, అందుకే వద్దంటుంది" అంది. అందరూ ఔనన్నారు. నేను బయటికి వద్దామంటే నా కాళ్ల మీద ఎవరో పసుపునీళ్లు చల్లుతున్నారు. ఈ గోలలో ట్యాంకు గలగలమందో లేదో నాకు వినబడనే లేదు.

మా ఆవిడ ముందు సీట్లో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను.

వాళ్లు పోయాక బామ్మర్దిని బంకుకు తోలితే, "సీసాల పొయ్యం" అన్నారట. చివరికి మోటార్ సైకిల్ మీద పోయే కుర్రాడొకడు తన బండిలోంచి లీటరు తీసి 200కు ఇచ్చాడు. ముల్లు సంగతి చెబితే అత్తమ్మను దింపి, సీటు ఎత్తి, ట్యాంకు మీది ఫ్లోటు తీగ పీకాడు. లోపల పెట్రోలు మీద తేలుతూ ఎంతుందో ముల్లుకు చెప్పేది ఆ ఫ్లోటేనట. ముల్లు ఒక చివరికి పోయింది. తీగను బాడీకి ఆనించాడు. ఇంకో చివరికి పోయింది. "మీటరు మంచిగనే ఉందన్నా. లోపల ఫ్లోటు ఇరుక్కున్నది. బోర్డు ఎవడు మార్చిండు?"

రెండు నిమిషాలు. 3,200. మంచిగా ఉన్న నా పాత బోర్డు ఇప్పుడు ఎవరి కారులో ఉందో!

ఆ 200 ఇద్దామంటే జేబులో అన్నీ 500 నోట్లే, వాడి దగ్గర చిల్లర లేదు. అత్తమ్మ ఒళ్లో మాత్రం భక్తులు వేసిన 240 రూపాయలు, అన్నీ పదులూ ఇరవైలే. "జర ఇయ్యి అత్తమ్మా, ఇంటికి పోయినంక ఇస్తా" అన్నాను.

దేవుడి పైసలట. కొంగున ముడేసుకుంది.