ఎలుకకీ గుర్రానికీ పడకపోతే జాతకం పాడైపోయినట్టేనా?

చైనా లెక్కలో ఏడాదికో జంతువు చొప్పున పన్నెండు జంతువుల చక్రం, అందులో 2026 అగ్ని గుర్రం ఏడాది. గుర్రానికి ఎదురు నిలిచేది ఎలుక కాబట్టి 1960, 1972, 1984, 1996, 2008ల్లో పుట్టినవాళ్లకి టెన్షన్ పట్టుకుంది. హాంకాంగ్, తైవాన్, సింగపూర్ గుళ్లలో ఆ ఏటి అధిపతి తాయ్ సుయికి శాంతి చేయించుకోవడం ఎప్పుడూ ఉన్నదే, దాని జోలికి నేను పోను. నా పేచీ అంతా జంతువు పేరు చూసి జాతకం తేల్చేసేవాళ్లతోనే.

బాజి అనే చైనా జాతక పద్ధతిలో పుట్టిన సంవత్సరం, నెల, రోజు, గంట అని నాలుగు స్తంభాలు, ఒక్కోదానికి రెండేసి అక్షరాలు (పైది తత్వం, కిందది జంతువు), మొత్తం ఎనిమిది. అందులో సంవత్సరపు జంతువు ఒక్కటంటే ఒక్కటి. జాతకుడికి గుర్తు రోజు స్తంభం పై అక్షరం, దాని బలాన్ని ఎక్కువగా తేల్చేది పుట్టిన నెల.

ఉదాహరణకి రోజు స్తంభం అగ్ని గుర్రం, పుట్టింది డిసెంబర్ నడుమ, అంటే ఎలుక నెలలో అనుకుందాం. ఎలుకది నీటి తత్వం, గుర్రానిది అగ్ని. చలికాలంలో నీటిదే రాజ్యం, అగ్నికున్న ఒక్క ఆధారం గుర్రం, దాన్నే పక్కనున్న ఎలుక కొడుతోంది. ఇది నిజంగా ఇబ్బందే. కానీ గంట స్తంభంలో పులి ఉంటే కథ మారిపోతుంది, ఎందుకంటే పులిది కట్టె తత్వం, అది నీటిని పీల్చుకుని నిప్పుకి అందిస్తుంది, పైగా గుర్రంతో జత కూడుతుంది. అదే మనిషి జూన్‌లో పుట్టి ఎలుక ఒంటరిగా ఎక్కడో ఉంటే, చల్లదనం కావాల్సిన జాతకమే అయినా ఆ కాస్త నీరు మరుగుతున్న నూనెలో పడ్డ చుక్కలా మంటని భగ్గుమనిపిస్తుంది. గొడవ అదే ఎలుక-గుర్రాలదే, ఫలితాలు మాత్రం వేరు. ఇక సంవత్సరానికీ గంటకీ మధ్య ఎదురు పడితే దూరం వల్ల దెబ్బ తగ్గుతుందంటారు. ఎద్దు-మేక, డ్రాగన్-కుక్క జంటల్లో రెండువైపులా మట్టి తత్వమే కనుక అక్కడ లోపల దాగిన తత్వాలు బయటపడతాయని చెబుతారు, అవి పనికొచ్చేవైతే మంచిదే కదా!

ఈ శాస్త్రం జీవితాన్ని నడుపుతుందని నేను నమ్మను, అయినా చదివేవాళ్లు దాని రూల్స్ ప్రకారమైనా చదవాలి. ఒక్క అక్షరాల జంటకి భయపడితే ఏమవుతుందో జపాన్ చూసింది. అగ్ని గుర్రం ఏట పుట్టిన ఆడపిల్ల మొగుడికి అరిష్టమన్న నమ్మకంతో 1966లో అక్కడ పుట్టినవాళ్లు సుమారు 13.6 లక్షలే, అంతకుముందు ఏడాది 18 లక్షల పైనే. మన కుజదోషం భయానికి తోబుట్టువే ఇది. (మన అరవై ఏళ్ల చక్రంలో 1966 ఉగాదికీ, 2026 ఉగాదికీ వచ్చింది పరాభవ నామ సంవత్సరమే, పేరుని బట్టి పిల్లల్ని కనడం మానుకున్నామా?)

ఇంకో తమాషా, 1984 జనవరిలో పుట్టినవాళ్లు అసలు ఎలుకలే కారు. బాజిలో ఏడాది మారేది ఫిబ్రవరి 4 ప్రాంతంలో, అంటే వాళ్లది పంది సంవత్సరం. తాయెత్తు కొనే ముందు ఆ ఒక్క తేదీ అయినా సరిచూసుకోండి.