రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ దడ ఎక్కడిది?

ఈసీజీ నార్మల్. థైరాయిడ్ నార్మల్. "మీకేం లేదమ్మా, టెన్షన్ పడకండి" అని డాక్టరు గ్యాస్ మాత్ర, బి-కాంప్లెక్స్ రాసిస్తాడు. నెల తిరక్కుండానే మళ్లీ గుండె దడ, మెడ పట్టేయడం. ఇంకో ఆసుపత్రి, ఇంకో స్కానింగు. జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ (జీఏడీ), అంటే అదుపులేని దిగులు జబ్బు, మన ఇళ్లకు తరచూ ఇలా ఒంటి బాధగానే వస్తుంది. దాన్ని మొదటి ఓపీలోనే పట్టుకోకపోవడం వైద్యుల లోపమే అంటాను.

ఈ జబ్బులో దిగులుకు కారణాలు మారతాయి, దిగులు మాత్రం పోదు. బండి మీద ఆఫీసుకెళ్లిన కొడుకు చేరానని ఫోన్ చేసేదాకా తల్లికి కాలూ చేయీ ఆడదు. ఫోన్ వస్తుంది. వెంటనే అమ్మాయి ఫీజు, అది కట్టేస్తే ఈఎంఐ, ఆ తర్వాత నిన్న ఆడపడుచు ముభావంగా మాట్లాడిందెందుకన్న ఆలోచన. ఈలోగా పప్పు మాడుతుంది, పిల్లల మీద విసుగు, రాత్రికి ఒళ్లు హూనం, అయినా నిద్ర రాదు. ఇంట్లోవాళ్లేమో "ఆవిడకు బాధ్యత ఎక్కువ" అని మెచ్చుకుంటారు. ఆడవాళ్లలో ఇది మగవాళ్లకంటే దాదాపు రెట్టింపు. ఆ మెచ్చుకోలు ఎందరిని డాక్టరు దాకా పోనివ్వలేదో!

మామూలు దిగులుకూ దీనికీ గీత ఎక్కడ? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన మానసిక జబ్బుల జాబితాలో దీన్ని విడి జబ్బుగా చేర్చినప్పుడు నెల రోజులు చాలంది, 1987లో ఆరు నెలలకు పెంచింది. అన్నాళ్లూ, చాలా రోజులు, అదుపులేని దిగులు ఉండాలి. అశాంతి, అలసట, ఏకాగ్రత తప్పడం, చిరాకు, కండరాల బిగుతు, నిద్ర చెడటం - వీటిలో మూడైనా తోడవాలి. రోజువారీ పనులు దెబ్బతినాలి. 2006లో వచ్చిన జీఏడీ-7 అనే ప్రశ్నావళిలో ఉన్నవి ఏడు ప్రశ్నలే. 21కి 10 వస్తే లోతుగా చూడాలి. బీపీ చూసే నర్సమ్మ అడిగినా సరిపోతుంది.

అడక్కపోతే రోగి మెడికల్ షాపులో అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర దగ్గర తేలతాడు. గంటలో నెమ్మదిస్తుంది, అదే దాని ఉచ్చు. వారాల తరబడి మింగితే అలవాటవుతుంది, ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలైన్ లాంటి అసలు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కంగారు కాస్త పెరగనూవచ్చు. ఈ ముక్క ఎవరూ చెప్పరు కాబట్టి నాలుగో రోజే "పడలేదు" అని ఆపేస్తారు. మందు లేకుండా ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ అనే మాటల చికిత్స కూడా బాగా పనిచేస్తుంది, కానీ అది చేసే సైకాలజిస్టులు పట్నాలు దాటితే దొరకడం కష్టం. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేసి, పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే అడగొచ్చు.