పగడానికి ఓటు లేదు

ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచాలని సంకల్పించినవారు మొట్టమొదట లైటు కొనుక్కోవడం ఈనాటి ఆచారం. తొట్టి ఎన్ని లీటర్లదో తేలకముందే, దాని లోతెంతో కొలవకముందే, అందులో ఏ పగడం పెంచుతారన్న ప్రశ్న తలెత్తకముందే లైటు ఇంటికి వచ్చేస్తుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని దీన్ని ఎగతాళి చేసే చాదస్తులు కొందరున్నారు. వారితో మేము ఏకీభవించము. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని, ఆ బ్యాక్టీరియాకు వెలుతురుతో పని లేదని, కాబట్టి అన్నాళ్లూ లైటు ఆర్పి ఉంచినా వచ్చే నష్టం లేదని వీరి వాదన. శాస్త్రప్రకారం అది నిజమే. కానీ కొత్త లైటును బిగించి కూడా ఆరు వారాలు వెలిగించకుండా కూర్చునే నిగ్రహం మానవమాత్రులకు సాధ్యమా? అందుకే అది మొదటి రాత్రి నుంచే నిండు తీవ్రతతో, ఉత్త రాళ్ల మీద వెలుగుతుంది. కొద్ది వారాల్లో ఆ రాళ్ల మీదా ఇసుక మీదా గోధుమరంగు పొర ఒకటి పరుచుకుంటుంది. డయాటమ్‌లనే ఆ సూక్ష్మజీవులే ఈ మహాదీపానికి తొలి లబ్ధిదారులు.

ఇంతకీ లైటు ఎవరి కోసం అన్న మౌలిక ప్రశ్నను కొందరు లేవనెత్తుతున్నారు గనుక దాన్ని ఇక్కడే తేల్చేద్దాం. తొట్టికి సంబంధించి కక్షిదారులు ముగ్గురు. మొదటివి చేపలు; పగలూ రాత్రీ తేడా తెలిసేంత వెలుతురుంటే వాటికి చాలు గనుక వాటి తరఫున వాదించేవారు లేరు. రెండోది పగడం. దీని కణజాలంలో జూజాంథెల్లా అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారైన ఆహారంలో సింహభాగం తమకు చోటిచ్చిన పగడానికే ధారపోస్తాయి. పగడం నీటిలో కొట్టుకొచ్చే ప్లవకాలను కూడా పట్టి తింటుంది గానీ, తొట్టిలో సాధారణంగా పెంచే పగడాలకు ప్రధాన జీవనాధారం నెత్తిన వెలిగే ఆ లైటే. మూడో కక్షిదారు యజమాని. వెలుతురుతో తిండి తయారుచేసుకునే శక్తి ఆయనకు లేదు. అయితే కళ్లున్నాయి, ఫోనులో కెమెరా ఉంది, బిల్లు కట్టేదీ ఆయనే. పగడానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. తీర్పు ఎటు వెళ్లాలో వేరే చెప్పనక్కరలేదు. పగడానికి కావలసింది వంటగది, యజమానికి కావలసింది షోకేసు, కొనేది షోకేసే.

లైటును ఏ కొలతతో ఎంచుకోవాలన్న విషయంలో పెద్దల బాట ఒకటుంది: గాలన్ నీటికి ఇన్ని వాట్లు అని. అందరూ ఒకే రకం ట్యూబులు వాడిన కాలంలో ఈ లెక్కకు కొంత అర్థం ఉండేది. లైటు ఎంత కరెంటు తాగుతుందో వాట్లు చెబుతాయి గానీ, ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పవు. ఆ వెలుతురు నీటి అడుగుదాకా దిగుతుందో లేదో అసలే చెప్పవు. వెడల్పైన లోతులేని తొట్టి, ఇరుకైన లోతు తొట్టి ఒకే గాలన్లు పట్టేవైతే రెండింటికీ ఒకే లైటు సరిపోతుందని ఈ సూత్రం నిర్భయంగా ప్రకటిస్తుంది. అయినప్పటికీ వాట్లు పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చై ఉంటాయి. పెట్టె మీద లేని కొలతను నమ్మమనడం కొత్తవారిని అనవసరంగా కష్టపెట్టడమే.

వాట్లను దాటి ఆలోచించే మేధావులు ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఒకటి వేసుకుంటారు. లక్స్, ల్యూమెన్ రెండూ మనిషి కంటి అభిరుచి ప్రకారం తూచిన వెలుతురు కొలతలు. మన కంటికి 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి పచ్చటి వెలుతురు అన్నిటికంటే ప్రకాశవంతంగా తోస్తుంది. పగడంలోని శైవలాలు ఆవురావురుమని తినే 450 నానోమీటర్ల నీలాన్ని మన కన్ను లెక్కలోకి తీసుకోనట్టే. ఓటు హక్కు ఎవరికుందో ఈ యాప్‌కు బాగా తెలుసు.

పగడం పక్షాన మాట్లాడే కొలత ఒక్కటే ఉంది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్‌లలో చెప్పే ఆ కొలతను ‘పార్’ అంటారు. పగడం ఉన్న చోటనే, నీటిలో ముంచి కొలవాలి. నడినెత్తి ఎండలో సముద్రపు పైభాగాన ఇది 2000 దరిదాపుల్లో ఉంటుంది. ఆ అంకె వినగానే కొత్తవారి కళ్లు మెరుస్తాయి. కాబట్టి మిగిలిన అంకెలు మేము కాస్త సంకోచంతోనే చెబుతున్నాము. కొత్తవారికి తగిన మష్రూమ్ పగడాలకు, జోయాంథిడ్‌లకు, లెదర్ పగడాలకు 50 నుంచి 150 సరిపోతుంది. హ్యామర్, టార్చ్ వంటి పగడాలు 100 నుంచి 200 లోపల హాయిగా ఉంటాయి. 200 నుంచి 350 దాకా కోరేవి ఆక్రోపొరా వంటి గట్టి కొమ్మల పగడాలు. అంటే మొదటి ఏడాది తొట్టికి కావలసింది చాలా మర్యాదస్తమైన వెలుతురు. ఇది యజమాని ప్రతిష్ఠకు భంగం. ఏనాటికైనా ఆక్రోపొరా పెంచబోతున్నామన్న హామీతో ఆయన 400 పార్ ఇచ్చే లైటునే తెస్తారు. నీటిలోని క్షారత, కాల్షియం నెలల తరబడి నిలకడగా ఉంటే తప్ప ఆక్రోపొరా బతకదన్నది భవిష్యత్తుకు సంబంధించిన చిన్న వివరం. మంచి పార్ మీటరుకు మంచి లైటంత ఖర్చవుతుంది. అది ఉన్నవారి దగ్గర ఒక్క పూట అరువు తెచ్చుకుని తొట్టిలో నాలుగైదు చోట్ల కొలిస్తే పని అయిపోతుంది. కానీ అరువు అడగడం కంటే ఊహించడం గౌరవప్రదమైనది.

ఇక నీలం సంగతి. సముద్రపు నీరు ఎరుపును కొద్ది మీటర్ల లోతులోనే మింగేస్తుంది. అందరికంటే లోతుకు దిగేది నీలం. పగడాల్లోని శైవలాలు పత్రహరితంతో, పెరిడినిన్ అనే వర్ణకంతో ఆ నీలాన్నే, నీలి పచ్చనే ప్రధానంగా గ్రహిస్తాయి. కాబట్టి అక్వేరియం లైటులో నీలానికి పెద్దపీట వేయడంలో తప్పేమీ లేదు, శాస్త్రం కూడా అదే అంటుంది. సమర్థమైన నీలి ఎల్ఈడీని సాధించినందుకు 2014లో అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. తెల్లని వెలుతురును తక్కువ కరెంటుతో పొందే మార్గం ఏర్పడిందని కమిటీ ప్రశంసించింది గానీ, ఆ పరిశోధన వల్ల ఇళ్లలో గదులకు గదులే నీలమేఘశ్యాములతో నిండిపోతాయని ఊహించినట్టు లేదు.

ఎందుకంటే నీలానికి మరో మహిమ ఉంది. చాలా పగడాల్లో నీలి వెలుతురును పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజగానో ఎర్రగానో తిరిగి విడిచే ప్రొటీన్లుంటాయి. ఇలాంటి ఆకుపచ్చ ప్రొటీన్‌ను షిమొమురా 1962లో జెల్లీచేప నుంచి వేరుచేశారు. దానికి 2008లో రసాయనశాస్త్ర నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. ఎర్రటి ప్రొటీన్‌ను 1999లో డిస్కోసోమా నుంచి రాబట్టారు. కొత్తవారు అన్నిటికంటే ముందు కొనే మష్రూమ్ పగడం ఆ డిస్కోసోమాయే కావడం వల్ల ఇది వైజ్ఞానిక విషయంగా మిగలక సాంఘిక విషయమైపోయింది. లైటులో తెల్ల ఎల్ఈడీల చానల్‌ను సున్నాకు దించి నీలం నూటికి ఎక్కిస్తే పగడం నిప్పుకణికలా వెలుగుతుంది, ఫొటో అదిరిపోతుంది, చూసినవారు నివ్వెరపోతారు. ఆ నీలిమలో పగడం మూల పాలిపోతున్నా, రాతి మీద నాచు బలుస్తున్నా కంటికి ఆనదు. అందుకోసం అప్పుడప్పుడు తెల్ల లైటు వేసి చూడాలి. అయితే అలా చూస్తే మనసు కష్టపడుతుంది గనుక మేము సిఫార్సు చేయడం లేదు.

పెట్టె మీది 20,000 కెల్విన్‌ల మాటా ఇక్కడే చెప్పాలి. కెల్విన్ అంకె అసలు వెలుతురు రంగును కాలుతున్న నల్లటి వస్తువు రంగుతో పోల్చి చెప్పేది. ఎంత కాల్చినా ఏ వస్తువూ ఒక హద్దును మించి నీలంగా మారదు. పూర్తి నీలి ఎల్ఈడీ ఆ హద్దుకు అవతల ఉంటుంది. కాబట్టి 14,000కూ 20,000కూ మధ్య బేరమాడేవారు నిజానికి ఎవరి కంటికి ఏది ఇంపుగా ఉందన్నదే తేల్చుకుంటున్నారు. తేల్చుకోనివ్వండి.

ఇప్పుడు అసలు ఘట్టం. అంగడిలో మధ్యస్థమైన వెలుతురులో ఉన్న డిస్కోసోమాను తెచ్చి, తొట్టిలో అందరికీ కనబడేలా లైటుకు సరిగ్గా కింద, ఎత్తైన రాతి మీద ప్రతిష్ఠిస్తారు. ఫోనులో లైటు తీవ్రతను పెంచే, తగ్గించే స్లైడర్ నూటి దగ్గర ఉంటుంది. నూరు ఇచ్చే లైటును నలభై దగ్గర ఆపడం కొన్న డబ్బును అవమానించడమే కదా. మొదటిరోజు పగడం అరచేయంత వెడల్పుగా పరుచుకుంటుంది. కొద్దిరోజుల్లో దాని అంచులు పైకి ముడుచుకుంటాయి, పళ్లెంలా ఉన్నది గిన్నెలా మారుతుంది. తరవాత నాణెమంత బుడిపెగా కుదించుకుపోయి, ఎరుపు కాస్తా వెలిసిన గులాబీ రంగులోకి దిగుతుంది. వెలుతురు మోతాదు మించినప్పుడు శైవలాలలో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను భరించలేక పగడం తన అద్దెదారులనే బయటికి గెంటేస్తుంది. రంగుతోపాటు దాని తిండీ పోతుంది. చివరకు ఒకరోజు అది పట్టు వదిలేసి, ప్రవాహంలో కొట్టుకుపోయి, రాళ్ల సందులో నీడ చూసుకుని అక్కడ స్థిరపడుతుంది. ఓటు లేని పౌరుడు చేయగలిగింది వలస పోవడమే. యజమాని దాన్ని పట్టకారుతో వెతికి తీసి, జిగురు పెట్టి మళ్లీ అదే రాతికి అంటిస్తారు.

దీనిపై జరిగే దర్యాప్తు చాలా సమగ్రంగా ఉంటుంది. లవణీయత కొలుస్తారు, క్షారత కొలుస్తారు, మెగ్నీషియం కొలుస్తారు, ఉప్పు బ్రాండు మారుస్తారు, అమ్మినవారి నిజాయితీని శంకిస్తారు, అటుగా పోయిన చేపను అనుమానిస్తారు. స్లైడరును మాత్రం ఎవరూ సాక్షిగా పిలవరు. కొత్త పగడాన్ని తొట్టి అడుగున ఉంచి, లైటును 30, 40 శాతం దగ్గర మొదలుపెట్టి, వారానికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఇందులో ఖర్చు ఏమీ లేదు. బహుశా అందుకే ఈ సలహాకు విలువ లేదు.

వెలుతురు తక్కువైతే వచ్చే బాధ ఇంత నాటకీయంగా ఉండదు. జోయాంథిడ్‌లు మెడలు సాచి పైకి చూస్తాయి, కొన్ని పగడాల్లో శైవలాలు ఎక్కువై రంగు గోధుమకు దిగుతుంది. ఇవి నెమ్మదిగా జరుగుతాయి, చాలావరకు సరిదిద్దుకోవచ్చు. కాబట్టి ఎటూ తేల్చుకోలేనివారు తక్కువ వైపు తప్పు చేయడం క్షేమం. కానీ అలాంటి తప్పు చూసేవారికి కనబడదు, దానితో పేరు రాదు.

ఎల్ఈడీల కంటే పాతవైన మెటల్ హాలైడ్ దీపాలు, టీ5 ట్యూబుల గురించి రెండు మాటలు. మొదటిది వెలుతురుతోపాటు నీటిని కూడా కాచిపెట్టేది గనుక దాని వెంట నీటిని చల్లబరిచే చిల్లర్ కూడా కొనాల్సి వచ్చేది. రెండోది తొట్టి అంతటా సమంగా, నీడలు తక్కువగా వెలుగునిస్తుంది. కాకపోతే ఏడాదికోసారి ట్యూబులు మార్చాలి. ఎల్ఈడీలో ఆ బాధలు లేవు, అందుకు బదులుగా ఒక్క చోట వెలుతురు కుమ్మరించి మూలలను ఎండబెట్టే గుణం ఉంది. పొడవాటి తొట్టికి ఒకే బలమైన లైటు కంటే రెండు సాధారణమైనవి మేలు చేయడం, లైటును కాస్త ఎత్తులో కట్టడం వల్ల కింద పగడం ఊపిరి పీల్చుకోవడం దీని వల్లనే. ఎత్తుకు మరో ప్రయోజనమూ ఉంది. ఉప్పునీటి తుంపర లైటుకు అంటి తెల్లగా పేరుకుంటుంది. తీగను సాకెట్ కంటే కిందికి ఒక వంపు వదలకపోతే ఆ ఉప్పునీరే తీగ వెంట సాకెట్‌లోకి నడిచి వెళుతుంది. ఇక్కడ మాత్రం వేళాకోళం లేదు, వంపు వదలండి.

నేటి లైట్లలో తుఫాను సదుపాయం కూడా ఉంది. బొటనవేలు కదిపితే తొట్టి మీద మబ్బు కమ్ముతుంది, మెరుపులు మెరుస్తాయి. పగడం దీన్ని అడిగిన దాఖలా లేదు. వెన్నెల సదుపాయం మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయలేము, ఎందుకంటే గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో పగడాలు ఏటా పున్నమి తరవాతి కొన్ని రాత్రుల్లో మూకుమ్మడిగా అండాలు, శుక్రకణాలు విడుస్తాయి. అయితే ఆ వెన్నెలను రాత్రంతా నీలి జాతరలా వెలిగిస్తే అది వెన్నెల కాదు, పగడానికి రాత్రే ఉండదు.

చివరిది వేళ. ఎనిమిది నుంచి పది గంటల వెలుతురు పగడానికి సరిపోతుంది. 100 పార్ చొప్పున పది గంటలు వెలిగితే రోజుకు చదరపు మీటరుకు 3.6 మోల్‌ల ఫోటాన్లు అందినట్టు. మెత్తని పగడాలకు అది చక్కటి భోజనం. చిక్కేమిటంటే యజమాని పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి గానీ ఇల్లు చేరరు. ఆయన లేనప్పుడు వెలిగిన దీపం వృథా, ఆయన ఉన్నప్పుడు ఆరిన దీపం ద్రోహం. దాంతో పొద్దుట ఏడింటికి వెలిగిన లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతుంది, నాచు మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతుంది. నిజానికి ఈ ఒక్క విషయంలో ఇద్దరు కక్షిదారులకూ రాజీ కుదురుతుంది. సముద్రంలో సూర్యుడు మధ్యాహ్నానికే నడినెత్తికి రావాలి గానీ, తొట్టిలో సాయంత్రం ఆరింటికి వచ్చినా అడిగేవారు లేరు. మధ్యాహ్నం రెండింటికి వెలిగి రాత్రి పదింటికి ఆరే టైమరును పగడం సంతోషంగా ఒప్పుకుంటుంది, రోజూ అదే వేళకు జరిగితే చాలు. ఈ మేరకు ఒప్పందం కుదిరిన ఇళ్లలో కూడా, పదింటికి లైటు మసకబారగానే యజమాని ఫోను తీసి మరో అరగంట పొడిగిస్తారు, చూడవచ్చినవారు ఇంకా లేవలేదని.